ఆకు వెనుక చుక్కలు

మొన్నొక ఆదివారం పొద్దున, జనగామలో మా ఇంటి కింది వాటాలో అద్దెకుండే అమ్మాయి ఒక చేత పూలకుండీ, ఇంకో చేత మందు సీసా పట్టుకొని మెట్లెక్కి మా వరండాలోకి వచ్చింది. పెళ్లయి కొన్నేళ్లు గడిచినా ఇంకా కొత్త కోడలిలా అడుగు చప్పుడు కాకుండా నడిచే పిల్ల. కుండీలో ఉన్నది ఫెర్న్ మొక్క. నర్సరీలో చూసి ముచ్చటపడి కొనుక్కొచ్చిందట, టీవీ పక్కన కూలరు గాలి నేరుగా తగిలేచోట పెట్టిందట, కొన్నాళ్లకే ఆకుల కొసలు కాల్చిన అప్పడంలా గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కాయట. ఫొటో తీసి ఫోనును అడిగితే తెగులో పురుగో అయి ఉంటుంది, మందు కొట్టమని చెప్పిందట. కింద గాలాడే జాగా లేదు గనుక మా వరండాలో కొట్టుకుంటానని వచ్చింది. "చూడండి ఆంటీ, ఆకుల ఎనక అంత పురుగు గుడ్లే" అంటూ ఒక ఆకును తిరగేసింది. నడిమి ఈనెకు అటూ ఇటూ, ఎవరో తీరికగా కూర్చొని బొట్లు పెట్టినట్టు, గోధుమరంగు చుక్కలు వరుసగా ఉన్నాయి. సీసా మూతిని ఆ చుక్కల వైపు తిప్పేసరికి నేను గభాలున లేచి ఆమె చేయి పట్టుకున్నాను. ఆగమని చెప్పడానికి అంత గట్టిగా అరవనవసరం లేదు గానీ అరిచాను. పాపం, ఆ పిల్ల బెదిరిపోయింది.

తర్వాత కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, అది తెగులు కాదు, కుండీని నా దగ్గర వదిలి సాయంత్రం రమ్మని పంపించాను. పంపించానే గానీ, ఆ పూటంతా పొయ్యి మీద ఏం పెట్టానో, ఏం దించానో నాకే తెలియదు. ఇన్నేళ్లుగా మడతపెట్టి అడుగున దాచిన చీర ఒకటి ఎవరో పైకి లాగి విప్పినట్టయింది. మన ఈడు వాళ్లు కాస్త ఓపికగా వింటారన్న నమ్మకంతో చెబుతున్నాను. తీపి జ్ఞాపకాలు కావాలనుకునేవాళ్లు మాత్రం ఇక్కడే ఆగిపోవచ్చు, నేను వాళ్లను తప్పుపట్టను.

మాది మానుకోట. ఇప్పుడు జిల్లా అయ్యాక అందరూ మహబూబాబాద్ అని నిండుగా అంటున్నారు గానీ, మా చిన్నతనంలో బస్సు కండక్టరు కూడా మానుకోట అనే కేక వేసేవాడు. మాది వ్యాపారుల ఇల్లు. ముందు భాగంలో పురుగుమందుల దుకాణం, వెనుక నడిమిల్లు, దాని వెనుక వంటిల్లు, చివర గిన్నెలు తోముకొని స్నానాలు చేసే జాలారి. మందుల వాసన మా బట్టల్లో, మా జడల్లో, ఒక్కోసారి మా అన్నంలో కూడా ఉండేదంటే నమ్మండి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. దుకాణంలో గల్లాపెట్టె దగ్గర బాపు, గిరాకీల దగ్గర చిన్నాయన, ఇంట్లో అందరి నెత్తి మీద నాయనమ్మ. మా అమ్మకు నేనొక్కదాన్నే, అదీ ఆడపిల్లను. అందుకని దుకాణానికి వారసుడు చిన్నాయన కడుపునే పుట్టాలని నాయనమ్మ పొద్దున లేచి దేవుడికి దీపం పెట్టినప్పుడల్లా గట్టిగా, మా అమ్మకు వినబడేటట్టుగా మొక్కుకునేది.

ఆ రోజుల్లో రైతులు మందు కోసం వచ్చేటప్పుడు చేన్లోంచి తెగులు పట్టిన ఆకు ఒకటి తెంపి, రుమాలులో చుట్టుకొనో జేబులో పెట్టుకొనో తెచ్చేవాళ్లు. మిరప ఆకు, పత్తి ఆకు, ఒక్కోసారి పసుపు ఆకు. చిన్నాయన దాన్ని అందుకొని, వెలుతురుకు ఎత్తిపట్టి, వెనక్కీ ముందుకీ తిప్పి, ముడత అనో బూడిద తెగులు అనో ఒక్క మాటలో తేల్చేసి, అల్మారాలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టేవాడు. రైతు ఎదురు మాట్లాడేవాడు కాదు. చేను చూడకుండా ఆకు చూసి చెప్పేవాడని చుట్టుపక్కల ఊళ్లలో చిన్నాయనకు పెద్ద పేరుండేది, ఆ పేరు విని నాయనమ్మ మురిసిపోయేది. మందు పనిచేస్తే ఆయన గొప్ప, పనిచేయకపోతే ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేలది తప్పు, నీళ్లది తప్పు, కొట్టిన రైతుది తప్పు. ఆయనది తప్పు అన్న మాట నేను ఆ దుకాణంలో ఒక్కనాడూ వినలేదు.

చిన్నాయన భార్య, మా చిన్నమ్మది కాటారం. ఇప్పటి భూపాలపల్లి జిల్లాలో, అడవి అంచున ఉన్న ఊరు. వాళ్లదీ మా కులమే, చిన్న కిరాణా దుకాణం. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడేది కాదు, నాతో తప్ప. నాకు తల దువ్వుతూ వాళ్ల ఊరి వాగు గురించి, ఇప్పపూల వాసన గురించి, పొద్దుగూకితే బస్సు దొరకని సంగతి గురించి చెప్పేది. ఒకసారి పుట్టింటికి పోయి వస్తూ, ఓటి డాల్డా డబ్బాలో వాగు ఒడ్డు మట్టితో సహా ఒక మొక్కను తెచ్చుకుంది. సన్నని నల్లటి కాడలు, రెండు వైపులా దువ్వెన పళ్లలా ఆకులు, నడుమ ముడుచుకున్న లేత చిగుళ్లు. దాని పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా దిక్కు వాగుచెట్టు అంటామని చిన్నమ్మ చెప్పింది. ఫెర్న్ అన్న మాట నా చెవిన పడటానికి ఇంకా చాలా కాలం ఉంది.

మానుకోట ఎండల్లో అది ఎట్లా బతుకుతుందని మా అమ్మకు అనుమానం. చిన్నమ్మ మాత్రం ఇల్లంతా ఒకసారి కలియతిరిగి, నడిమింట్లో రంజను పక్కన దానికి చోటు చూసింది. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది, తాగే నీళ్లకు మూలన ఇసుక పోసి, దాని మీద కూర్చోబెట్టే పెద్ద మట్టి కుండ. రంజను ఒళ్లంతా ఎప్పుడూ చెమ్మగిల్లి ఉండేది, కింది ఇసుక నిండు వేసవిలో కూడా ఆరేది కాదు, ఆ మూలకు పోయి నిలబడితే ముఖానికి చల్లగా తగిలేది. డాల్డా డబ్బాకు అడుగున బొక్కలు పొడిచి ఆ తడి ఇసుకలో పెట్టింది. కిటికీ వెలుతురు రావాలి గానీ ఎండ పొడ తగలకూడదు. మా పెరటి బావి నీళ్లు ఉప్పు, అవి పోస్తే కొసలు మాడతాయని, తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్లలో తన వంతు చెంబెడు దానికి పోసేది. మట్టి వేలికి తడిగా తగలాలి తప్ప బురద కాకూడదు. బియ్యం కడిగిన నీళ్లు అప్పుడప్పుడు. కొస మాడిన ఆకు కనబడితే సగానికి తుంచకుండా మొదట్లోకి కత్తిరించేది. టేబుల్ ఫ్యాను అటువైపు తిరిగితే లేచి వెళ్లి దాని మెడ ఇటు తిప్పి వచ్చేది, చిన్నాయన విసుక్కున్నా సరే. అంతే ఆమె వైద్యం. రెండు వానాకాలాలు గడిచేసరికి రంజను సగం ఆ ఆకుల చాటుకు పోయింది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక మేమిద్దరం ఆ మూలన చాప వేసుకొని కూర్చునేవాళ్లం. ఆ ఇంట్లో పురుగుమందు వాసన రాని చోటు అదొక్కటే.

చిన్నమ్మకు పిల్లలు కాలేదు. మొదట్లో నాయనమ్మ సణిగింది, తర్వాత అడిగింది, ఆ తర్వాత ఊరందరి ముందూ అనడం మొదలుపెట్టింది. వాగుచెట్టుకు పువ్వూ లేదు, కాయా లేదన్న సంగతి ఆమె కంట పడింది. ఇక చూడండి, కోడలిని తిట్టాలనుకున్న ప్రతిసారీ ఆమెకు ఆ చెట్టు అక్కరకు వచ్చేది. ఒక ఏడు బతుకమ్మ పేర్చుకునేటప్పుడు, తంగేడు పువ్వు తక్కువైందని చిన్నమ్మ తాంబాళం అంచున నాలుగు వాగుచెట్టు ఆకులు పరిచింది. చూడటానికి ఎంత అందంగా ఉందో నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. నాయనమ్మ వచ్చి ఆ ఆకులను పీకి జాలారిలో పారేసింది. "పువ్వు పూయనిదాన్ని తెచ్చి బతుకమ్మల పెడ్తవానే? గౌరమ్మకు ఏం చూపిస్తున్నవ్, నీ మొఖమా?" అన్నది. వాడకట్టు ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు. చిన్నమ్మ తలెత్తకుండా మిగిలిన గునుగు పువ్వు పేర్చుకుంటూ పోయింది.

అప్పటినుంచి మందుల పర్వం మొదలైంది. మాది మందుల ఇల్లు కదా, దేనికైనా మందు కొట్టడమే మా వాళ్లకు తెలుసు. నాటు వైద్యం అన్నారు, పసరు అన్నారు, కురవి వీరన్నకు ముడుపు కట్టించారు, తడిబట్టలతో గుడి చుట్టూ తిప్పించారు. వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. వెంట పోయింది మా అమ్మ గనుక ఈ సంగతి మాకు తెలిసింది. ఆ డాక్టరమ్మ చిన్నమ్మను పరీక్ష చేసి, ఈమెలో నాకే లోపమూ కనబడటం లేదు, ఈసారి వచ్చేటప్పుడు ఈమె భర్తను తీసుకురండి అని చెప్పిందట. మా అమ్మ ఇంటికి వచ్చి ఆ మాట అంటే నాయనమ్మ అగ్గి మీద గుగ్గిలం అయింది. "మొగోన్ని తీస్కపోయి దవాఖానల నిలబెడ్తరా? మా ఇంట వంట ఉన్నదా గసొంటిది?" అని కేకలు. చిన్నాయన నవ్వి దుకాణంలోకి వెళ్లిపోయాడు. ఆ నవ్వు మీద నాకు ఇవాళ్టికీ కోపమే. వచ్చే దసరా దాకా చూస్తాననీ, అప్పటికీ కడుపు పండకపోతే కొడుక్కి ఇంకో సంబంధం చూస్తాననీ నాయనమ్మ అందరి ముందూ చెప్పేసింది. ఆ రోజు నుంచి చిన్నమ్మ ఆ ఇంట్లో గడువు పెట్టుకొని ఉన్న మనిషి అయింది.

ఆ వానాకాలమే ఆకుల వెనుక చుక్కలు విరగబడి వచ్చాయి. అంతకుముందు కూడా వచ్చే ఉంటాయి గానీ ఎవరూ తిరగేసి చూడలేదు. ఈసారి నాయనమ్మ చూసింది, చెట్టుకు ఏదో పట్టిందని, ఇంటికి అరిష్టమని గొడవ చేసి, ఒక ఆకు తెంపి కొడుకు చేతికిచ్చింది. చిన్నాయన రైతు తెచ్చిన ఆకును చూసినట్టే దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, తుప్పు తెగులు అని తేల్చేశాడు. చిన్నమ్మ అప్పుడు మాట్లాడింది. ఆమె మొగుడికి ఎదురు మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. "తెగులు కాదు. మా వాగు కాడ ముదురాకు అన్నిటికి గిట్లనే ఉంటది. గా చుక్కలు రాలిన కాడ, తడి రాళ్ల మీద మళ్ల పిల్లలు పుడ్తయి. జర ఊకోండ్రి, దాన్ని ముట్టకుండ్రి" అన్నది. దుకాణంలో ఇద్దరు రైతులు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు పెళ్లాం మాట నెగ్గితే ఆయన పేరు ఏం గావాలి? "నాకు నువ్వు నేర్పుతవా ఆకు చూసుడు?" అని, డబ్బా మూత తీసి, చేనుకు కలిపినట్టే చిక్కగా మందు కలిపాడు. తెగులు ముదిరిందని ఒకటికి రెండింతలు వేశాడు. పంపు భుజాన వేసుకొని నడిమింట్లోకి వచ్చి, రంజను మీద నాయనమ్మ ఒక గోనెసంచి కప్పగానే, ఆకుల వెనుకా ముందూ కారిపోయేదాకా కొట్టాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది. ముందు కొసలు మాడాయి, తర్వాత అంచులు, ఆ తర్వాత ముడుచుకున్న లేత చిగుళ్లు కూడా నల్లబడి తల వాల్చేశాయి. చిన్నమ్మ ఆకులను మంచినీళ్లతో కడిగింది, పై మట్టి తీసి వేరే మట్టి పోసింది, తన వంతు తాగే నీళ్లన్నీ దానికే పోసింది. నేను బడి నుంచి వచ్చేసరికి ఎప్పుడూ ఆ మూలనే ఉండేది. అయినా అది నిలవలేదు. ఎండిన చెట్టు ఇంట్లో ఉండకూడదని నాయనమ్మ ఒక పొద్దున హుకుం వేసింది. చిన్నమ్మ ఎండిన ఆకులన్నీ ఒడిలోకి ఏరుకొని, వీధిలో పారెయ్యకుండా, జాలారి గోడ పక్కన తడి మూలలో పోగుపెట్టింది. ఏడవలేదు. చేతులు కడుక్కొని వచ్చి పొయ్యి వెలిగించింది. మేము ఆనాడు తిన్నది ఆమె వండిన అన్నమే.

బతుకమ్మ పండుగ దగ్గరపడింది. మన దిక్కు ఆడపిల్లను పండుగకు పుట్టింటికి పంపడం, దసరా దాటాక అత్తగారి నుంచి ఎవరో పోయి తీసుకురావడం ఆనవాయితీ కదా. కాటారం నుంచి ఆమె అన్న వచ్చాడు. నాయనమ్మ ఎన్నడూ లేనిది పసుపు కుంకుమ పెట్టి, కొత్త రవికెగుడ్డ ఇచ్చి, ఎంతో ముద్దుగా సాగనంపింది. "మంచిగ పండుగ చేసుకొని రా బిడ్డా" అన్నది. ఆ నోట బిడ్డా అన్న మాట విన్నప్పుడే చిన్నమ్మకు అర్థమై ఉంటుంది. గడప దాటేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, మంచిగ చదువుకో అన్నది గానీ, వస్తాను అనలేదు. దసరా పోయింది, దీపావళి పోయింది. మా ఇంటి నుంచి ఎవరూ పోలేదు. ఆమెను తీసుకురావడానికి ఎవరూ పోకపోవడమే మా వాళ్లు ఆమెకు పంపిన కబురు. తిట్టలేదు, కొట్టలేదు, వెళ్లగొట్టలేదు, నలుగురిలో మాట పడలేదు. పండుగకు పోయిన పిల్ల పుట్టింట్లోనే ఉండిపోయింది, అంతే. మా బాపు ఒక్క మాట అనలేదు. మంచివాడని ఊరంతా అనే మనిషి. ఆ మంచితనం ఎవరికి పనికొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మళ్లీ వేసవికి చిన్నాయనకు రెండో పెళ్లి అయింది. ఆ కొత్త చిన్నమ్మకూ పిల్లలు కాలేదు. ఈసారి ఇంటి వాస్తు బాగాలేదన్నారు, వాకిలి ఈ పక్క మూసి ఆ పక్క తెరిచారు, పెరటి బావిని పూడ్చారు. బావిది తప్పు, వాకిలిది తప్పు, వచ్చిన ప్రతి ఆడదానిదీ తప్పు. ఊరందరి ఆకులూ చూసినవాడు తన ఆకును మాత్రం ఒక్కరికీ చూపించుకోలేదు.

ఆ ఏడాది వానలకే జాలారి గోడ మీద, ఇటుకల సందున, వేలి గోరంత పచ్చటి ఆకులు పొటమరించాయి. ముందు పాచి అనుకున్నాం. తర్వాత అవి విప్పుకొని దువ్వెన పళ్లలా సాగాయి. నవ్విన నాపచేనే పండుతుందంటారు. నాయనమ్మ వాటిని గుర్తుపట్టింది, పట్టీ పట్టగానే కొడవలి తెచ్చి గోడంతా గీకించింది, గీకించి సున్నం వేయించింది. పై ఏడు సున్నంలోంచే వచ్చాయి. ఇక ప్రతి వానాకాలం ఆమెకు అదొక పని అయింది. "పోదే గిది! దాని ఉసురే గిట్ల మొలుస్తున్నది" అని గొణుక్కుంటూ తనే పీట వేసుకొని కూర్చొని గీకేది.

వరంగల్‌లో ఇంటర్ చదివేటప్పుడు ఒక రోజు ల్యాబులో మా వృక్షశాస్త్రం మేడమ్ ఆకు ఒకటి తిరగేసి చూపించి, ఫెర్న్ పువ్వు పూయదు, కాయ కాయదు, ఈ చుక్కలే దాని సంతానం, వీటిలోంచి రాలిన పొడి తడి తగిలిన చోటల్లా మొలుస్తుందని చెప్పింది. చుట్టూ అందరూ బొమ్మ గీసుకుంటున్నారు. నేను బయటికి పోయి కుళాయి దగ్గర నిలబడి ఏడ్చాను. సెలవులకు ఇంటికి పోయి నాయనమ్మకు చెప్పాను, అది తెగులు కాదట, అవి దాని పిల్లలట, చిన్నమ్మ చెప్పిందే నిజమట అని. నాయనమ్మ వక్క నములుతూ వినీ విననట్టు విన్నది. "అయితేంది ఇప్పుడు? గిప్పుడు చెప్తె ఏం ఫాయిద?" అని అటు తిరిగి కూర్చుంది. చిన్నాయన దుకాణంలోంచి వినే ఉంటాడు. లోపలికి మాత్రం రాలేదు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చి భూపాలపల్లి వైపు వేశారు. జాలారి గోడ నుంచి ఒక చిన్న మొక్కను వేళ్లతో సహా పెకలించి, తడిగుడ్డ చుట్టి డబ్బాలో పెట్టుకొని పోయి, ఒక సెలవురోజున కాటారం బస్సెక్కాను. దారంతా ఎన్ని ఊహించుకున్నానో. ఆమె మొక్కను చూసి ఏడుస్తుందనీ, నేను ఓదారుస్తాననీ, నీ మాటే గెలిచింది చిన్నమ్మా అని చెబుతాననీ. ఆమె అన్నగారింటి వరండాలో కుట్టుమిషను ముందు కూర్చొని ఉంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకొని, నేను కాలేజీలో నేర్చుకున్నదంతా చెబుతుంటే అడ్డు రాకుండా విన్నది. విని నవ్వింది.

"నాకు తెల్వదా బిడ్డా? వాగు ఒడ్డున పుట్టినదాన్ని. గప్పుడు చెప్తె ఎవలిన్నరు?" అన్నది. మొక్కను అందుకొని ఆకును తిరగేసి చూసి మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "గీడ నాకు వాగునిండ ఉన్నది. దీన్ని మళ్ల తీస్కపో. ఆ గోడకే పెట్టు. మీ నాయనమ్మను గీకుకుంట ఉండనియ్యి. గీకినప్పుడల్ల నేను యాదికొస్త."

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఎన్నో ఏళ్లు ఆలోచించి పెట్టుకున్న మాటలా ఉంది. అన్నం తిని పొమ్మంది, నా రవికె చంకలో పిగిలితే మిషను మీద వేసి కుట్టి ఇచ్చింది, బస్సుదాకా వచ్చింది. మా ఇంట్లో ఎవరెట్లా ఉన్నారని మాత్రం అడగలేదు. నేను ఆమె చెప్పినట్టే చేశాను. తిరిగి మానుకోటకు పోయినప్పుడు ఇటుకల సందులో మట్టి కూరి ఆ మొక్కను నాటాను. నాయనమ్మ చూసింది, నేను పోయాక గీకేసిందట. మంచాన పడేదాకా ప్రతి వానాకాలం గీకుతూనే ఉంది. మంచాన పడ్డాక కొత్త చిన్నమ్మకు చెప్పి గీకించిందట, ఆమె గోడకు ముందువైపు గీకి వెనుకవైపు మొలిచిన దాన్ని వదిలేసేదని నాకు తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. నాయనమ్మ పోయింది, బాపు పోయాడు, చిన్నాయన పోయాడు, దుకాణం చేతులు మారింది, ఇంటి జాగాలో మూడంతస్తుల భవనం లేచింది. పోయినేడు ఒక పెళ్లికి మానుకోట పోయినప్పుడు పనిగట్టుకొని ఆ సందులోకి పోయి, అడిగి లోపలికి వెళ్లి చూశాను. జాలారి ఉన్నచోట స్నానాల గది, గోడలకు పైదాకా నున్నటి టైల్స్. దాని మీద ఏదీ మొలవదు. చిన్నమ్మ పోయిన కబురు నాకు అన్నీ అయిపోయాక తెలిసింది. ఆమె మా ఇంటి నుంచి కోరుకున్నది ఆ గోడ ఒక్కటే, అదీ లేకుండా పోయింది.

సాయంత్రం కింది వాటా అమ్మాయి మళ్లీ వచ్చింది. నలుగురూ నవ్వినా నేను ఇప్పటికీ వరండా మూలన ఇసుక పోసి రంజను పెట్టుకుంటాను. ఆమె చేతనే కుండీని ఆ తడి ఇసుకలో పెట్టించి, మాడిన ఆకులను మొదట్లోకి కత్తిరించమని కత్తెర ఇచ్చాను. జనగామ బోరు నీళ్లు కుళాయికే తెల్లటి పెచ్చు కట్టిస్తాయి, ఆ నీళ్లు పొయ్యవద్దని, కూలరు గాలికి పెట్టవద్దని చెప్పాను. చెబుతూ చెబుతూ ఈ కథంతా చెప్పాను. మూతి విరవకుండా, ఫోను చూడకుండా విన్నది. విని, ఇసుకను వేలితో సదురుతూ, "మీ చిన్నాయన ఒక్కసారి కూడ చూపించుకోలేదా ఆంటీ?" అని అడిగింది. లేదన్నాను. ఇసుకను సదరడం ఆపి, "మా ఆయన గూడ రానంటున్నడు. దవాఖానల చుట్టు నేనొక్కదాన్నే తిరుగుతున్న" అన్నది.

అబద్ధం ఎందుకు, ఆ పిల్ల మొగుడి మీద ఒళ్లు మండిపోయింది, ఎప్పుడో పోయిన మా చిన్నాయన మీద మళ్లీ మండిపోయింది. మన కాలంలో తెలియక చేశారని సరిపెట్టుకుంటాం. దవాఖానలు దూరం, చదువులు తక్కువ, పెద్దల మాట దాటలేని రోజులు అని మనల్ని మనం బుజ్జగించుకుంటాం. ఇప్పుడు వీధికో పరీక్షల దుకాణం ఉంది, చేతిలోని ఫోను ఏదడిగినా చెబుతుంది, మందు సీసాలు ముద్దొచ్చే రంగుల్లో వస్తున్నాయి. రంజన్లు పోయాయి, తడి గోడలు పోయాయి, ఆకు పట్టుకొని దుకాణానికి వచ్చే రైతులూ తగ్గారు. వాటితోపాటు పోతుందనుకున్నది పోలేదు.

అంతలో ఆమె ఫోను మోగింది, అత్తగారు. "మంచిగున్నం అత్తమ్మా... లేదత్తమ్మా, ఇంక ఏం లేదు" అని గొంతు తగ్గించి చెబుతూ, ఒక చేత్తో ఆకును తిరగేసి ఆ చుక్కలనే చూస్తూ ఉంది. ఫోను పెట్టేశాక లేచి, కుండీని తీసుకుపోతుందనుకుంటే దాన్ని రంజనుకు ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"ఇది ఈడనే ఉండనియ్యండి ఆంటీ. కింద పెడితే ఎవరో ఒకరు మందు కొడ్తరు" అని చెప్పి, అడుగు చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.